ఇటలీ కొండ ఊళ్ళకి కారా, బస్సా? ముందు ఆఖరి బస్సు టైం చూడండి

పోయిన వేసవిలో మా ఇంట్లో ఒక వాట్సాప్ గ్రూప్ పుట్టింది. పేరు "ఇటలీ ప్లాన్". మూడు రోజుల్లో అది గొడవల గ్రూప్ అయిపోయింది.

విషయం ఏంటంటే, మా పెద్దమ్మ కూతురు ఇటలీలో మాస్టర్స్ చేస్తోంది. జులైలో అక్క కోర్సు అయిపోతుందని పెద్దమ్మ, పెదనాన్న అక్కడికి బయల్దేరారు. రోమ్, ఫ్లోరెన్స్ ఎలాగూ చూస్తారు. కానీ పెద్దమ్మకి అసలు కోరిక వేరే. "ఆ కొండల మీద రాతి ఇళ్ళ ఊళ్ళు ఉంటాయి చూడు, అవి చూపించవే" అని అక్కని అడిగింది. పెదనాన్న వెంటనే, "కారు తీసుకుందాం. పాతికేళ్ళుగా ఖమ్మం నుంచి విజయవాడకి నడుపుతున్నా, ఇటలీ ఒక లెక్కా?" అన్నారు. అక్క మాత్రం "వద్దు నాన్నా, బస్సుల్లో వెళ్దాం" అంది. "మరి నా మోకాళ్ళ సంగతేంటి?" అని పెద్దమ్మ. చివరికి పెదనాన్న నాకు ఫోన్ చేసి, "ఏరా, కంప్యూటర్సే కదా చదువుతున్నావ్, లెక్కేసి చెప్పు ఏది బెటరో" అన్నారు.

నేను ఒక స్ప్రెడ్‌షీట్ ఓపెన్ చేసి, రెండు గంటల్లో అయిపోతుంది అనుకున్నా. రెండు వారాలు పట్టింది. ఎందుకంటే "కారా, బస్సా" అన్న ప్రశ్నకి ఇటలీ మొత్తానికి ఒకే జవాబు లేదు. ఊరు మారితే జవాబు మారుతుంది. అదే ఊరికి శనివారం ఒక జవాబు, ఆదివారం ఇంకో జవాబు. ఎలాగో వరుసగా చెప్తా. మన సీనియర్లలో కూడా చాలామంది అటువైపు చదువుకి వెళ్తున్నారు కాబట్టి ఎవరికైనా పనికొస్తుంది.

ఊరు పైన, స్టేషన్ కింద

మొదట అర్థం చేసుకోవాల్సింది ఆ ఊళ్ళు ఎక్కడ ఉన్నాయో. మధ్య ఇటలీలో, అంటే టస్కనీ, ఉంబ్రియా, ఉత్తర లాజియో ప్రాంతాల్లో, పాత ఊళ్ళు చాలావరకు కొండల మీదే ఉంటాయి. కారణాలు రెండు. శత్రువులు దండెత్తి వస్తే కాపాడుకోవడానికి ఎత్తు పనికొచ్చేది. కింద లోయల్లో చాలాచోట్ల చిత్తడి నేలలు, వాటితో పాటు మలేరియా. అందుకే జనం పైనే ఉండిపోయారు.

19వ శతాబ్దంలో రైలు వచ్చింది. ఆవిరి ఇంజన్ నిటారు కొండ ఎక్కలేదు కదా, పట్టాలన్నీ లోయల్లోంచి వేశారు. దాంతో ఊరు పైన, స్టేషన్ కింద. కానీ స్టేషన్‌కి పెట్టింది మాత్రం పైనున్న ఊరి పేరే. అస్సీసీ అనే స్టేషన్‌లో దిగితే అస్సీసీ ఇంకా నాలుగైదు కిలోమీటర్లు పైన ఉంటుంది, అక్కణ్ణించి సిటీ బస్సు ఎక్కాలి. మోంతెపుల్చానో అయితే స్టేషన్ ఊరికి దాదాపు పది కిలోమీటర్ల దూరం. ఆ ఊరికి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా కియూసిలో దిగి బస్సు పట్టుకుంటారు.

నా మొదటి ప్లాన్‌లో తప్పు కూడా ఇక్కడే జరిగింది. కొర్తోనా ఊరి పేరు రెండు స్టేషన్లకి ఉంది: కముచా-కొర్తోనా, తెరోంతొలా-కొర్తోనా. రెండో దాంట్లో ఎక్కువ రైళ్ళు ఆగుతున్నాయని నేను అదే రాసేశా. అక్క చూసి నవ్వింది. మొదటిది కొండ కిందే, ఊరికి ఐదు కిలోమీటర్లు. రెండోది దాని రెట్టింపు దూరం. పేరు చూసి కాదు, మ్యాప్ చూసి రాయాలని అప్పుడు తెలిసింది.

అంటే ఇటలీ పల్లెల్లో అసలు సమస్య ఆ వంద కిలోమీటర్ల ప్రయాణం కాదు. అది రైలు హాయిగా లాగేస్తుంది. రీజినల్ రైళ్ళ టికెట్ ధర దూరాన్ని బట్టి ఫిక్స్ అయి ఉంటుంది, ముందు రోజు కొన్నా అప్పటికప్పుడు కొన్నా అంతే. పేపర్ టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరి మెషీన్‌లో స్టాంప్ కొట్టించాలి, మర్చిపోతే ఫైన్. కష్టమంతా స్టేషన్ నుంచి కొండపైకి ఉన్న ఆ చివరి ముక్క దగ్గరే. కారా, బస్సా అన్న గొడవంతా నిజానికి ఆ ముక్క గురించే.

టైంటేబుల్ ఎవరి కోసం వేశారు?

ఆ చివరి ముక్కకి బస్సులు ఉంటాయి. కానీ వాటిని టూరిస్టుల కోసం వేయలేదు. పొద్దున్నే పిల్లల్ని హైస్కూల్ ఉన్న ఊరికి దింపడానికి, మధ్యాహ్నం వెనక్కి తేవడానికి, ముసలివాళ్ళు ఆస్పత్రికో సంతకో వెళ్ళి రావడానికి వేశారు. మన పల్లెవెలుగు బస్సు లాంటిదే. మన ఊళ్ళో కూడా పొద్దున ఏడున్నర బస్సు నిండా యూనిఫాంలే కదా.

కాబట్టి టైంటేబుల్‌లో టైం కంటే, దాని పక్కనున్న చిన్న గుర్తు ముఖ్యం. మూడు మాటలు నేర్చుకుంటే చాలు. "ఫెరియాలె" అంటే పనిదినాలు, శనివారంతో కలిపి. "ఫెస్తీవో" అంటే ఆదివారాలు, పండగలు. "స్కొలాస్తికో" అంటే బడి ఉన్న రోజుల్లో మాత్రమే. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఇటాలియన్‌లో "ఫెరియె" అంటే సెలవులు, "ఫెరియాలె" అంటే పనిదినం. కొత్తగా భాష నేర్చుకునేవాళ్ళు తిరగేసి అర్థం చేసుకుంటారు.

ఇంకో విషయం ఉంది, నాకు ఇదే అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించింది. ఇటలీలో బడులకి వేసవి సెలవులు జూన్ రెండో వారం దగ్గర మొదలై సెప్టెంబర్ మధ్య దాకా ఉంటాయి. అంటే "స్కొలాస్తికో" బస్సులన్నీ సరిగ్గా టూరిస్టులు వచ్చే నెలల్లోనే ఆగిపోతాయి. ఆగస్టు 15 వాళ్ళకి ఫెర్రాగోస్తో అనే పెద్ద పండగ, ఆ రోజు ఉన్న బస్సులు కూడా తగ్గిపోతాయి.

అక్కకి ఇది అనుభవం. మొదటి ఏడాది జులైలో ఫ్రెండ్‌తో ఒక చిన్న కొండ ఊరికి వెళ్ళింది. సాయంత్రం ఐదున్నర తర్వాత ఒక బస్సు ఉందని టైంటేబుల్‌లో చూసుకుంది. బస్టాప్‌లో గంట నిలబడ్డారు. ఒక పెద్దావిడ కిటికీలోంచి చూసి, చేతులతో "లేదు, లేదు" అని చూపించి, కిందికి వచ్చి టైంటేబుల్ మీద ఆ చిన్న గుర్తుని వేలితో చూపించింది. బడి ఉన్న రోజుల్లోనే ఆ బస్సు. తప్పు బస్సుది కాదు, చదవడం రాని మాదే అంటుంది అక్క. ఆవిడే ఎవరికో ఫోన్ చేసి టాక్సీ పిలిచింది. ఆ నెల కిరాణా డబ్బుల్లో సగం ఆ టాక్సీకే పోయాయి.

మనకి, వాళ్ళకి తేడా కూడా ఇక్కడే. మన దగ్గర ఆఖరి బస్సు పోతే షేర్ ఆటో ఉంటుంది. అదీ లేకపోతే ఎవరిదో బండి ఆపి ఎక్కేస్తాం. అక్కడ షేర్ ఆటో అనేదే లేదు. చిన్న ఊళ్ళో చెయ్యి ఊపితే ఆగే టాక్సీ కూడా ఉండదు, ఫోన్ చేసి పిలిపించుకోవాలి. ఆఖరి బస్సు అంటే నిజంగా ఆఖరే.

దీని వెనక ఇంకో కథ ఉంది. ఆ ఊళ్ళలోంచి కుర్రాళ్ళు పట్నాలకి వెళ్ళిపోతున్నారు. పిల్లలు తగ్గితే బడి మూతపడుతుంది, బడి లేకపోతే బడి బస్సు కూడా ఉండదు. ఇటలీ ప్రభుత్వం ఇలాంటి ప్రాంతాలకి "లోపలి ప్రాంతాలు" అని పేరు పెట్టి, 2010ల నుంచి ఒక ప్రత్యేక పథకం నడుపుతోంది. ఒక ఊరు ఎంత "లోపల" ఉందో లెక్కకట్టేది కిలోమీటర్లలో కాదు. హైస్కూళ్ళు, పెద్ద ఆస్పత్రి, రైల్వే స్టేషన్ మూడూ ఉన్న చోటుకి చేరడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూస్తారు. మనం అక్కడ ఒక రోజు తిప్పలు పడి వెనక్కి వచ్చేస్తాం, అక్కడే ఉండేవాళ్ళకి ఆ నిమిషాలు రోజూ ఉంటాయి.

మన సిలబస్‌లోంచి కాస్త

దీన్ని గ్రాఫ్‌లా చూస్తే నాకు క్లియర్ అయింది. ఊళ్ళు నోడ్లు, దారులు ఎడ్జ్‌లు. కారుకి ఎడ్జ్ ఎప్పుడూ ఉంటుంది, మీరు ఎన్నింటికి బయల్దేరినా రోడ్డు అక్కడే ఉంటుంది. బస్సుకి అలా కాదు. ఎడ్జ్ పొద్దున 8:10కి ఒకసారి కనిపిస్తుంది, మళ్ళీ 13:20కి, తర్వాత మాయం. అందుకే మామూలు షార్టెస్ట్ పాత్ పనిచేయదు, టైంతో మారే గ్రాఫ్‌లో వెతకాలి.

మన ఫోన్ మ్యాప్స్‌కి బస్సు వివరాలు ఎక్కువగా జి.టి.ఎఫ్.ఎస్. అనే ఫార్మాట్‌లో అందుతాయి. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ బస్సులతో గూగుల్ మొదలుపెట్టింది. అందులో ఏ సర్వీస్ ఏ వారాల్లో నడుస్తుందో ఒక ఫైల్ చెప్తుంది, పండగలకి, ప్రత్యేక రోజులకి మినహాయింపులు ఇంకో ఫైల్ చెప్తుంది. ఆ రెండో ఫైల్ సరిగ్గా లేకపోతే మ్యాప్ లేని బస్సుని చూపిస్తుంది. అందుకే మ్యాప్‌లో చూశాక బస్సు కంపెనీ సొంత టైంటేబుల్‌తో మళ్ళీ సరిపోల్చుకోవాలి, అదీ మీరు వెళ్ళే తేదీకే.

రెండో సూత్రం: వెనక్కి నుంచి ముందుకి వెతకండి. మనం ఎప్పుడూ "అక్కడికి ఎలా వెళ్ళాలి" అని మొదలుపెడతాం. పల్లెకైతే "అక్కణ్ణించి ఆఖరి బస్సు ఎన్నింటికి" అని మొదలుపెట్టాలి. దాని ముందు బస్సుని మీ రిటర్న్ అనుకోండి, ఆఖరిది బ్యాకప్‌గా ఉంచుకోండి. టికెట్ కూడా రెండు వైపులకీ ముందే కొనండి. బస్సు టికెట్లు పెద్ద 'టి' బోర్డు ఉన్న పొగాకు షాపుల్లో అమ్ముతారు. మధ్యాహ్నం, ఆదివారం అవి చాలావరకు మూసి ఉంటాయి.

మరి కారు సంగతి?

పెదనాన్న వాదనలో నిజం లేకపోలేదు. ముగ్గురికి మూడు బస్సు టికెట్లు, కారు మాత్రం ఒకటే. మనుషులు పెరిగే కొద్దీ కారు తలకి చవక. కానీ లెక్కలో అద్దె ఒక్కటే రాస్తే కుదరదు. ఇన్సూరెన్స్, పెట్రోలు, పెద్ద హైవే టోల్, పార్కింగ్ అన్నీ రాయాలి. గేర్లు లేని ఆటోమేటిక్ కావాలంటే ఇంకా ఎక్కువ. డిపాజిట్‌కి చాలాచోట్ల నడిపేవాళ్ళ పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. 25 ఏళ్ళ లోపు వాళ్ళకి చాలా కంపెనీలు అదనంగా వసూలు చేస్తాయి. కాబట్టి మనలాంటి స్టూడెంట్ ఒక్కడే తిరగాలంటే కారు మాట మర్చిపోవడమే మంచిది.

లైసెన్స్ సంగతి ఇంకా ముఖ్యం. మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. దాన్ని ఇక్కడే, బయల్దేరే ముందే ఆర్టీవో ఆఫీసు ద్వారా తీసుకోవాలి. ఫీజు 1000 రూపాయలు, ఏడాది పనిచేస్తుంది. అక్కడ చదివేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి: ఇటలీలో రెసిడెంట్‌గా నమోదై ఏడాది దాటితే మన లైసెన్స్ చెల్లదు, వాళ్ళ పరీక్ష రాసి వాళ్ళ లైసెన్సే తెచ్చుకోవాలి. అందుకే అక్క స్టీరింగ్ పట్టుకోలేదు.

ఇక అసలు భయం జెడ్.టి.ఎల్. అంటే పాత ఊరి లోపల బయటి బండ్లు తిరగకూడని ప్రాంతం. గేటు ఉండదు, పోలీసు ఉండడు, పైన ఒక కెమెరా ఉంటుంది. తెల్ల గుండ్రం చుట్టూ ఎర్ర అంచు ఉన్న బోర్డు కనిపిస్తే ఆగిపోవాలి. కొన్నిచోట్ల ఎలక్ట్రానిక్ బోర్డు మీద "వార్కో అత్తీవో" అని వెలుగుతుంది. దాని అర్థం "గేటు యాక్టివ్". యాక్టివ్ అంటే తెరిచి ఉందేమో అనుకుని చాలామంది దూరిపోతారు. కాదు, కెమెరా యాక్టివ్ అని, వెళ్ళకూడదని! ఫైన్ 80 యూరోల పైమాటే. మీ వివరాలు పోలీసులకి ఇచ్చినందుకు అద్దె కంపెనీ వేసే ఛార్జీ దీనికి అదనం. విదేశాల్లో ఉండేవాళ్ళకి నోటీసు పంపడానికి చట్టం 360 రోజుల గడువు ఇస్తుంది. ఊరికి తిరిగొచ్చి ఫోటోలు కూడా మర్చిపోయాక కవర్ వస్తుందన్నమాట.

దీనికి మందు సులువే. కారుని ఊరి గోడ లోపలికి తీసుకెళ్ళకండి. బయట పార్కింగ్ చేసి నడవండి. తెల్ల గీతలు సాధారణంగా ఉచితం, నీలం గీతలకి డబ్బులు కట్టాలి, పసుపు గీతలు మన కోసం కాదు.

ఏ ఊరికి ఏది

ఇవన్నీ వేసుకుని చూస్తే ఊళ్ళు మూడు రకాలుగా విడిపోయాయి.

మొదటి రకం, కారు అక్కర్లేనివి. ఓర్వియెతో దీనికి మంచి ఉదాహరణ. రోమ్, ఫ్లోరెన్స్ మధ్య లైన్ మీద ఉంది. స్టేషన్ కిందే, కానీ ఎదురుగానే కొండపైకి తాడు రైలు ఉంటుంది. 1888లో మొదలైనప్పుడు నీళ్ళ బరువుతో నడిచేది, ఇప్పుడు కరెంటుతో. రెండు మూడు నిమిషాల్లో పైన ఉంటాం. సాన్ జిమిన్యానో కూడా ఇంతే. పాత రాతి బురుజులు 14 మిగిలి ఉన్న ఊరు, రైలు లేదు. కానీ పొజ్జిబోన్సి స్టేషన్ నుంచి బస్సులు బాగానే ఉంటాయి, అరగంట లోపే చేరతాం.

రెండో రకం, రోజుని బట్టి మారేవి. చీవితా ది బాన్యోరెజో అనే ఊరు మెత్తటి బండ మీద ఉంటుంది, కింద మట్టి కోసుకుపోతూ ఉంటుంది. 1695 భూకంపం తర్వాత జనం పక్క ఊరికి వెళ్ళిపోయారు. ఇప్పుడు అక్కడ ఏడాది పొడవునా ఉండేది పట్టుమని 20 మంది కూడా కాదు. సుమారు 300 మీటర్ల కాలినడక వంతెన ఒక్కటే దారి. ఊళ్ళోకి వెళ్ళడానికి 2013 నుంచి టికెట్ పెట్టారు. కారుందా లేదా అన్నది ఆ వంతెన దగ్గర అనవసరం, అందరూ నడవాల్సిందే. అక్కడికి ఓర్వియెతో నుంచి బస్సు ఉంది, కానీ ఆదివారం నడవదు. కాబట్టి మా ప్లాన్‌లో శనివారం చీవితా, ఆదివారం ఓర్వియెతో. ఆ రెండు రోజులు తారుమారైతే ప్లాన్ మొత్తం పోయేది.

మూడో రకం, కారు లేకపోతే సగమే చూసేవి. పియెంజా, మోంతల్చీనో ఉన్న వాల్ దోర్చా లోయ అలాంటిది. 2004లో యునెస్కో జాబితాలో చేర్చింది ఒక్క కట్టడాన్ని కాదు, ఆ పొలాలు, కొండలు, దారుల మొత్తం దృశ్యాన్ని. అంటే చూడాల్సింది ఊళ్ళ మధ్యలోనే ఉంది. ఊరికీ ఊరికీ మధ్య 15 నుంచి 25 కిలోమీటర్లే, కానీ బస్సులు పలచగా ఉంటాయి, ఆదివారం దాదాపు ఉండవు. పొలాల మధ్య రైతుల ఇళ్ళల్లో బస చేయాలన్నా కారు తప్పదు.

అందుకే నా చివరి జవాబు: పది రోజుల్లో ఎనిమిది రోజులు రైలు, బస్సు. ఆ లోయ కోసం రెండు రోజులు మాత్రం కారు. అదీ ఫ్లోరెన్స్ మధ్యలో కాకుండా స్టేషన్ ఉన్న చిన్న ఊళ్ళో తీసుకోవడం. చిన్న ఊళ్ళ అద్దె ఆఫీసులు మధ్యాహ్నం మూసేస్తారు, ఆదివారం చాలావరకు తెరవరు, కాబట్టి తిరిగి ఇచ్చే టైం కూడా ముందే చూసుకున్నాం.

ఏం జరిగింది

పెదనాన్న ఆ రెండు రోజులు బానే నడిపారు, కుడి వైపు డ్రైవింగ్‌కి అలవాటు పడటానికి మొదటి గంటంతా చెమటలు పట్టాయట. కొర్తోనాకి స్టేషన్ నుంచి బస్సులోనే ఎక్కారు. చీవితా వంతెన చివర్లో నిటారుగా పైకి పోతుంది. పెద్దమ్మ దూరం నుంచి చూసి, "మీరు వెళ్ళి రండి" అని ఇవతల గట్టు మీదే కూర్చుండిపోయింది. నా స్ప్రెడ్‌షీట్‌లో ఖర్చు, టైం, బస్సు నంబర్లు అన్నీ ఉన్నాయి కానీ మోకాళ్ళ కాలమ్ లేదు. మెట్లు ఎన్ని, ఎక్కడ కూర్చోవచ్చు అన్నది నేను చూడనే లేదు. మీరు పెద్దవాళ్ళతో వెళ్తుంటే అది మొదటి కాలమ్‌గా పెట్టుకోండి.

అయినా పెద్దమ్మ ఇంటికొచ్చాక ఎక్కువగా చెప్పేది బస్సు గురించే. బాన్యోరెజో నుంచి తిరిగొచ్చే బస్సులో పక్కన కూర్చున్న ముసలావిడ, సంచిలోంచి ఆప్రికాట్లు తీసి పెట్టిందట. ఆవిడ ఇటాలియన్‌లో, పెద్దమ్మ తెలుగులో దారి పొడవునా మాట్లాడుకున్నారట.

పెదనాన్న మాత్రం ఇప్పటికీ కారే బెటర్ అంటారు. కానీ రెండో రోజు సాయంత్రం ఒక ఊళ్ళో పార్కింగ్ కోసం తిరుగుతూ ఏదో ఎర్ర అంచు బోర్డు పక్కనుంచి వెళ్ళామని అక్క అంటోంది. లోపలికి వెళ్ళారా, పక్కనుంచే వెళ్ళారా అన్నది ఇద్దరికీ గుర్తు లేదు. ఇంకా 360 రోజులు కాలేదు. పోస్ట్‌మ్యాన్ వస్తే చాలు, పెదనాన్నే ముందు బయటికి వెళ్తున్నారట.